గోడల్లో తీగలు వెతికిన పిల్లవాడు

మన పత్రికలో తెలుగుకు దొరికేవి కొద్ది పేజీలే. వాటిని మధ్యాహ్నం భోజనాల వేళ కంప్యూటర్ ల్యాబ్‌లో కూర్చుని మేమే టైపు చేస్తాం. మా ఇళ్లలో కొందరి నాన్నలు బైలాడిలా గనుల్లో, కొందరి నాన్నలు రైల్వేలో, కొందరి అమ్మానాన్నలు సీఆర్పీఎఫ్‌లో పనిచేస్తారు. అందువల్ల ఈ పేజీలకు రాసేవాళ్లు ఏటేటా మారిపోతుంటారు. గత ఏడాది మేము టైపు చేసిన కంప్యూటర్‌లో హార్డ్ డిస్క్ ఉన్నట్టుండి పోయింది. రాసినవన్నీ పోయాయి. చాలావరకు మళ్లీ రాయించుకున్నాం గాని, ఒక్కటి మాత్రం దొరకలేదు. మా తరగతి అమ్మాయి ఒకామె కొత్తవలస నుంచి అరకు, జగదల్‌పూర్ మీదుగా మన దగ్గరికి వచ్చే రైలు ప్రయాణం గురించి రాసింది. ఆ సరికే వాళ్ల నాన్నగారికి బదిలీ అయి కుటుంబమంతా వెళ్లిపోయింది. కాగితం మీద ప్రతి లేదు. మా దగ్గరున్న ఫోన్ నంబరు పనిచేయడం లేదు.

నిజానికి ఆ కంప్యూటర్‌లో ఫైళ్లన్నీ రోజూ రాత్రి 2 గంటలకు మరో డిస్కులోకి నకలు కావాలని ఒక పని పెట్టి ఉంది. అది ఒక్క రాత్రి కూడా జరగలేదు. సాయంత్రం ల్యాబ్ మూసేటప్పుడు మెయిన్ స్విచ్ కట్టేస్తాం కదా. కట్టేయడం మరిచిపోవద్దని తలుపు మీద రంగు పెన్నుతో రాసి అతికించింది కూడా మేమే.

ఆ తర్వాతే, తెర మీద ఏమీ కనిపించకుండా కంప్యూటర్ లోపల ఎవరు ఏ పని చేస్తారో తెలుసుకోవాలనిపించింది. చదువుతుంటే డీమన్ అనే మాట పదే పదే ఎదురైంది. మొదట దెయ్యం అనుకుని నవ్వుకున్నాం. ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో వెనక్కి వెతుక్కుంటూ పోతే, కంప్యూటర్లు పుట్టకముందే, 1879లోనే చనిపోయిన ఒక స్కాట్లాండ్ శాస్త్రవేత్త దగ్గరికి చేరాం. పై తరగతుల అన్నయ్యలకు, అక్కయ్యలకు ఆయన భౌతికశాస్త్రంలో నాలుగు సమీకరణాలుగా తెలుసు. పేరు జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్.

ఆయన 1831 జూన్ 13న ఎడిన్‌బరో నగరంలో పుట్టారు. తండ్రి జాన్ న్యాయవాది, తల్లి ఫ్రాన్సెస్. పెరిగిందంతా గ్లెన్‌లేర్ అనే పల్లెటూరి ఎస్టేటులో. మూడేళ్లు కూడా నిండని ఆ పిల్లవాడు తలుపులు, తాళాలు, తాళంచెవులు ఏవి కనబడినా వదిలేవాడు కాదట. ఇది ఎలా పనిచేస్తుందో చూపించమని పెద్దవాళ్లను పీడించేవాడు. పైపైన చెప్పి తప్పించుకుంటే ఊరుకునేవాడు కాదు. ఆ రోజుల్లో పెద్ద ఇళ్లలో గంటల ఏర్పాటు ఒకటి ఉండేది. గదిలో తాడు లాగితే గోడల్లోంచి పోయే తీగ కదిలి, ఎక్కడో వంటింటి దగ్గర గంట మోగేది. పనివాళ్లు లేచి వచ్చేవాళ్లు. జేమ్స్ ఆ తీగలు ఏ గోడలోంచి ఏ గోడలోకి పోతున్నాయో ఇల్లంతా తిరిగి వెతికేవాడు. చెరువు నీళ్లు గోడ కిందుగా వాగులోకి ఎలా పోతున్నాయో కూడా అలాగే కనిపెట్టాలని చూసేవాడు.

కంప్యూటర్‌లోని సర్వీసుల్లో చాలావాటి పద్ధతి అచ్చంగా ఈ గంట తీగ పద్ధతే. కంప్యూటర్ వెలగగానే ఆపరేటింగ్ సిస్టమ్ వాటిని నిద్రలేపి, తమతమ చోట్ల కూర్చోబెడుతుంది. మనం ఇంకా పాస్‌వర్డ్ కొట్టి లోపలికి రాకముందే అవి సిద్ధంగా ఉంటాయి. ప్రింటర్ సంగతి చూసే సర్వీసు ఎవరో ప్రింట్ నొక్కేదాకా నిద్రపోతూనే ఉంటుంది. నిద్రలో ఉన్నంతసేపు ప్రాసెసర్ సమయాన్ని దాదాపు తీసుకోదు. గంట మోగగానే లేచి, ఫైలు అందుకుని, వరుసలో పెట్టి, ప్రింటర్‌కు ఒక్కొక్కటే పంపుతుంది. అందుకే మనం ప్రింట్ ఇచ్చి వెంటనే మరో పని చేసుకోగలుగుతున్నాం. విండోస్‌లో ఇలాంటివాటిని సర్వీసులంటారు. లైనక్స్‌లో డీమన్లంటారు, చాలావాటి పేరు చివర డి అనే అక్షరం తోక ఉంటుంది.

జేమ్స్‌కు ఎనిమిదేళ్లప్పుడు, 1839లో, తల్లి క్యాన్సర్‌తో చనిపోయింది. ఇంట్లో చదువు చెప్పడానికి పెట్టిన కుర్రవాడు కొట్టేవాడు. చివరికి 1841లో తండ్రి ఆ పిల్లవాణ్ని ఎడిన్‌బరోలోని మేనత్త ఇంట్లో ఉంచి ఎడిన్‌బరో అకాడమీలో చేర్పించాడు. చదువుల సంవత్సరం అప్పటికే మొదలైపోయింది. పదేళ్లవాడు, వయసులో తనకంటే పెద్దవాళ్ల తరగతి. ఒంటిమీద తండ్రి స్వయంగా నమూనా గీసి కుట్టించిన పల్లెటూరి చొక్కా, కాళ్లకు ముందువైపు నలుచదరంగా ఉండే బూట్లు, నోట్లో గాలొవే ప్రాంతపు యాస. మొదటి రోజే పిల్లలంతా చుట్టుముట్టి బట్టలు చింపేశారు. వెర్రివాడు అని అర్థం వచ్చే డాఫ్టీ అన్న పేరు పెట్టారు. ఆ పేరు బడి రోజుల్లో చాలాకాలం వదల్లేదు.

ఇది చదివినప్పుడు మేమెవ్వరం నవ్వలేదు. ఏడాది మధ్యలో బదిలీ అయి వచ్చి, తెలుగు యాసతో హిందీ మాట్లాడి, తరగతి అంతా కిసుక్కుమన్నప్పుడు చెవులు వేడెక్కడం మనలో ఎవరికి తెలియదు! జేమ్స్ ఏడుస్తూ ఇంటికి పోలేదు. చిరిగిన చొక్కాతోనే తన లోకంలో తాను ఉండిపోయాడు. కొన్నాళ్లకు లూయిస్ క్యాంప్‌బెల్, పీటర్ టెయిట్ అనే ఇద్దరు స్నేహితులు దొరికారు. ఆ టెయిట్ పేరు గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

పద్నాలుగేళ్లకు గుండుసూదులు, దారం, పెన్సిల్‌తో రకరకాల అండాకారాలు గీసే పద్ధతి కనిపెట్టి వ్యాసం రాశాడు. ఎడిన్‌బరో రాయల్ సొసైటీలో చదవడానికి మరీ చిన్నవాడని, 1846లో దాన్ని ప్రొఫెసర్ ఫోర్బ్స్ చదివి వినిపించారు. తర్వాత ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం, ఆపైన కేంబ్రిడ్జి. 1854లో అక్కడి గణిత పరీక్షలో రెండో స్థానం. మొదటి స్థానం వచ్చిన రౌత్ పేరు ఇప్పుడు ఎంతమందికి తెలుసో మరి.

ఉద్యోగాల కథ మన ఇళ్లలో కథలాగే ఉంటుంది. 1856లో ఏబర్డీన్‌లోని మారిషల్ కళాశాలలో ప్రొఫెసరయ్యారు. శని గ్రహం చుట్టూ ఉన్న వలయాలు గట్టి పలకలు కావు, లెక్కలేనన్ని చిన్న చిన్న ముక్కలని అక్కడే గణితంతో నిరూపించారు. కళాశాల ప్రిన్సిపల్ గారి కుమార్తె క్యాథరిన్‌ను 1858లో పెళ్లి చేసుకున్నారు. 1860లో ఊళ్లోని రెండు కళాశాలలను ఒక్కటి చేసినప్పుడు, ఒక సబ్జెక్టుకు ఇద్దరు ప్రొఫెసర్లెందుకని ఆయన ఉద్యోగం తీసేశారు. మామగారు ప్రిన్సిపల్ అయినా లాభం లేకపోయింది. ఎడిన్‌బరోలో ఖాళీ ఉంటే దరఖాస్తు పెట్టుకున్నారు. ఆ ఉద్యోగం చిన్ననాటి మిత్రుడు టెయిట్‌కు వచ్చింది. ఆ ఏడాదే మశూచి సోకి ప్రాణం మీదికి వస్తే క్యాథరిన్ దగ్గరుండి బతికించుకుంది. స్నేహం మాత్రం చెడలేదు. జీవితాంతం ఇద్దరూ ఉత్తరాలు రాసుకుంటూనే ఉన్నారు.

తర్వాత లండన్‌లో కింగ్స్ కళాశాల. విద్యుత్తు, అయస్కాంతత్వం, కాంతి మూడూ ఒకే సంగతికి రూపాలని చెప్పిన గొప్ప వ్యాసం 1865లో అచ్చయింది. దాని గురించి పాఠ్యపుస్తకాలు చెబుతాయి కాబట్టి మేము ముందుకు పోతాం. అదే సంవత్సరం ఆయన ఉద్యోగం మానేసి గ్లెన్‌లేర్‌కు వచ్చేశారు. మనకు కావలసిన రెండు సంగతులూ ఆ పల్లెలో ఉన్న రోజుల్లోవే.

మొదటిది ఆ భూతం. 1867 డిసెంబరులో టెయిట్‌కు రాసిన ఉత్తరంలో మాక్స్‌వెల్ ఒక ఊహ చెప్పారు. వేడి టీ గ్లాసు బల్ల మీద పెడితే చల్లారుతుంది. చల్లారిన టీ తనంతట తాను వేడెక్కదు. ఎందుకు? గాలిలో అణువులన్నీ ఒకే వేగంతో పోవని, కొన్ని జోరుగా, కొన్ని మెల్లగా పోతాయని అప్పటికే ఆయన లెక్కగట్టి ఉన్నారు. సరే, గాలి నిండిన డబ్బా ఒకటి, మధ్యలో అడ్డుగోడ, గోడకు చిన్న ద్వారం అనుకుందాం. ఒక్కో అణువునూ చూడగలిగేంత చురుకైన బుల్లి జీవి ఆ ద్వారం దగ్గర కూర్చుంది. జోరుగా వచ్చే అణువులను కుడివైపు గదిలోకి, మెల్లగా వచ్చేవాటిని ఎడమవైపు గదిలోకి వదులుతుంది, మిగతా సమయమంతా ద్వారం మూసే ఉంచుతుంది. కాసేపటికి ఒక గది వేడెక్కుతుంది, రెండోది చల్లబడుతుంది. ఎవరూ నెట్టలేదు, ఎవరూ మంట పెట్టలేదు. అలా జరిగితే ఉష్ణగతిక శాస్త్రపు రెండవ నియమం తలకిందులైనట్టే. అంటే ఆ నియమం అణువుల గుంపుకు వర్తించేదే గాని ఒక్కొక్క అణువుకు కాదని చూపించడమే ఆయన ఉద్దేశం.

దానికి ఆయన పెట్టిన పేరు భూతం కాదు. 1874లో విలియం థామ్సన్ ఆ మాట వాడారు. మన పుస్తకాల్లో లార్డ్ కెల్విన్ అని కనిపించేది ఆయనే. చెడ్డ దెయ్యమని ఆయన అర్థం కాదు. పాత గ్రీకు కథల్లో దేవుళ్లకూ మనుషులకూ నడుమ నిలిచి పనులు చక్కబెట్టే శక్తిని అలా పిలిచేవారు. మాక్స్‌వెల్‌కు మాత్రం ఆ పేరు అంతగా రుచించినట్టు లేదు. దాన్ని ఇక భూతం అనవద్దని, కవాటం అంటే చాలునని టెయిట్‌కు రాసిన ఒక చీటీలో సరదాగా సూచించారు. ఎవరూ వినలేదు.

రెండోది గవర్నర్. ఇది రాజ్‌భవన్‌లో ఉండే గవర్నర్ కాదు, ఆవిరి యంత్రానిది. యంత్రం వేగం పెరిగితే దానికున్న రెండు గుండ్లు దూరంగా ఎగిరి ఆవిరిని తగ్గిస్తాయి, వేగం తగ్గితే కిందికి దిగి ఆవిరిని పెంచుతాయి. మనిషి కావలి అక్కర్లేదు. కానీ కొన్ని గవర్నర్లు యంత్రాన్ని నిలకడగా ఉంచేవి, కొన్ని మాత్రం పైకీ కిందికీ ఊగించి ఇంకా చెడగొట్టేవి. ఏది ఎప్పుడు ఊగుతుందో 1868లో మాక్స్‌వెల్ గణితంతో తేల్చారు. ఆపరేటింగ్ సిస్టమ్‌కూ ఇలాంటి కావలి ఉంది. ఏదైనా సర్వీసు మధ్యలో కుప్పకూలితే దాన్ని మళ్లీ లేపుతుంది. కానీ లేపిన ప్రతిసారీ అది పడిపోతుంటే? లేపడం, పడడం, లేపడం, పడడం, ఇదే పనిగా మొత్తం కంప్యూటర్ అలసిపోతుంది. అందుకే లైనక్స్‌లో సిస్టమ్‌డి అనే కావలి మామూలుగా 10 సెకన్లలో 5 సార్లు చూసి, ఆ తర్వాత విఫలమైందని గుర్తు రాసి వదిలేస్తుంది. మనిషి వచ్చి చూడాల్సిందే.

ఇప్పుడు ఆ భూతం కంప్యూటర్‌లోకి ఎలా వచ్చిందో చెబుతాం. దానికోసం దాదాపు వందేళ్లు ముందుకు, అమెరికాలోని ఎమ్ఐటీకి రావాలి. అంతకుముందు కంప్యూటర్ అంటే ఒకసారికి ఒకరి పనే. 1960ల మొదట్లో ఫెర్నాండో కోర్బాతో బృందం ఒకే యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునే ఏర్పాటు చేసింది. అంతమంది వాడుతుంటే ఇల్లు ఊడ్చి సర్దే పనులు ఎవరు చేయాలి? ఎవరూ అడగకుండానే తెర వెనుక ఆ పనులు చేసే ప్రోగ్రాములు రాశారు. డబ్బాలో అలుపులేకుండా అణువులను ఏరే మాక్స్‌వెల్ భూతం గుర్తొచ్చి, 1963 ప్రాంతంలో వాటికి డీమన్ అని పేరు పెట్టుకున్నారు. వాటిలో మొట్టమొదటిది ఏం చేసేదో తెలుసా? ఫైళ్లన్నిటినీ తనంతట తానే టేపుల మీదికి నకలు తీసేది. మా ల్యాబ్‌లో జరగకుండా పోయిన పని సరిగ్గా అదే.

గంట కొడితే లేచేవి ఒక రకమైతే, గడియారం చూసి లేచేవి మరో రకం. 1979లో వచ్చిన యునిక్స్ ఏడవ వెర్షన్‌తో క్రాన్ అనే డీమన్ బయటికొచ్చింది. గ్రీకు భాషలో కాలానికి ఉన్న పేరు నుంచి ఆ పేరు. ఇప్పుడు వాడుకలో ఉన్న క్రాన్ నిమిషానికోసారి కళ్లు తెరుస్తుంది. తన చిట్టాలో ప్రతి వరుసకూ ముందు ఐదు గళ్లుంటాయి. నిమిషం, గంట, తేదీ, నెల, వారం. ఆ ఐదూ ఇప్పటి సమయానికి సరిపోతే పక్కనే రాసి ఉన్న పనిని మొదలుపెట్టి మళ్లీ కళ్లు మూసుకుంటుంది. విండోస్‌లో ఈ పని టాస్క్ షెడ్యూలర్ చేస్తుంది.

మాకిది చదవగానే బస్తర్ దసరా గుర్తొచ్చింది. ఓరుగల్లు నుంచి వచ్చిన కాకతీయ అన్నమదేవుడి వంశీకులు ఏలిన నేల కదా ఇది. ఇక్కడి దసరా 75 రోజులు. హరేలీ అమావాస్య నాడు పాట్ జాత్రాతో మొదలవుతుంది. కట్టెకు పూజ ఒకనాడు, స్తంభాలు పాతడం ఒకనాడు, కాఛన్ దేవి అనుమతి ఒకనాడు, జోగి గోతిలో కూర్చోవడం ఒకనాడు. రథం కట్టేది బేడా ఉమర్‌గావ్, ఝార్ ఉమర్‌గావ్ వాళ్లు. తిథి వచ్చిందంటే ఆ పని ఎవరిదో వాళ్లు వచ్చేస్తారు. మనకు మాత్రం రథం కదిలే రోజే కనిపిస్తుంది, సెలవూ అప్పుడే కాబట్టి. అయితే మాలో ఒకడు ఈ పోలికకు ఒప్పుకోలేదు. దసరా నాడు వాన పడి ఆలస్యమైతే మనుషులు ఆగి మరీ చేస్తారు, క్రాన్ ఆగదు కదా అన్నాడు. వాడన్నదే నిజం. రాత్రి 2 గంటలకు కంప్యూటర్ ఆగిపోయి ఉంటే ఆ 2 గంటలు వెళ్లిపోయినట్టే. తెల్లారి కంప్యూటర్ వెలిగినా, క్రాన్‌కు నిన్న రాత్రి తప్పిన పని గుర్తుండదు. ఆ లోటు తీర్చడానికే తర్వాత అనాక్రాన్ అనేది వచ్చింది. ఏ పని చివరిసారి ఏ తేదీన జరిగిందో అది రాసిపెట్టుకుంటుంది. కంప్యూటర్ వెలగగానే చూసి, గడువు దాటినవి చేయిస్తుంది. విండోస్‌లో అయితే, సమయం తప్పిపోతే వీలైనంత త్వరగా చేయి అని చెప్పే చిన్న గడి ఒకటుంది. మా ల్యాబ్‌లో ఆ గడిలో టిక్ లేదు. అంతే తేడా.

మాక్స్‌వెల్ మళ్లీ ఉద్యోగానికి పిలుపు వచ్చి 1871లో కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడ కావెండిష్ ప్రయోగశాలను దగ్గరుండి కట్టించారు. అది 1874లో మొదలైంది. చివరి సంవత్సరాల్లో ఎక్కువ కాలం తన సొంత పరిశోధనకు కాకుండా, ఎన్నడో చనిపోయిన హెన్రీ కావెండిష్ అచ్చు వేయకుండా వదిలేసిన విద్యుత్ ప్రయోగాల కాగితాలను సరిచేయడానికి పెట్టారు. ఆ ప్రయోగాలు కొన్ని తాను మళ్లీ చేసి చూసుకున్నారు. ఇంత పెద్ద శాస్త్రవేత్త ఇంకొకరి కాగితాలు సర్దుతూ కూర్చోవడమేమిటని అనిపించవచ్చు. ఒక వ్యాసం పోగొట్టుకున్న మాకు అలా అనిపించలేదు. ఆ పుస్తకం 1879లో వచ్చింది. అదే సంవత్సరం నవంబరు 5న, తల్లికి వచ్చిన జబ్బుతోనే, 48 ఏళ్లకు ఆయన చనిపోయారు. గ్లెన్‌లేర్‌కు దగ్గరలోని పార్టన్ గ్రామ చర్చి ఆవరణలో సమాధి చేశారు. ఆయన లెక్కల్లో చెప్పిన విద్యుదయస్కాంత తరంగాలను హెర్ట్జ్ ప్రయోగశాలలో పుట్టించి చూపేసరికి ఇంకో ఎనిమిదేళ్లు పైనే పట్టింది.

ఆ భూతం మాటేమైందంటారా? 1961లో ఐబీఎం శాస్త్రవేత్త రోల్ఫ్ లాండవర్, దాచిన సమాచారాన్ని చెరిపినప్పుడు కొంతైనా వేడి బయటికి రాక తప్పదని చూపించారు. ఆ దారిలోనే 1982లో చార్లెస్ బెనెట్ భూతం లెక్క తేల్చారు. ఏ అణువును ఎటు పంపిందో గుర్తుపెట్టుకోవాలి, చోటు చాలక పాతవి చెరపాలి, అక్కడ ఖర్చవుతుంది. ఊరికే జరిగే పని ఏదీ లేదు. కంప్యూటర్‌లో కూడా అంతే. ఒక్కో సర్వీసు కొంత మెమరీ తింటుంది. అక్కర్లేనివి పాతిక పోగైతే మన ల్యాబ్‌లో మూల ఉన్న పాత కంప్యూటర్‌లా తెరుచుకోవడానికే ఒక పీరియడ్ పడుతుంది.

ఇప్పుడు మా పేజీల నకలు మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలకు తీసేలా పెట్టాం. అప్పుడు ల్యాబ్ తెరిచే ఉంటుంది. ఆ గడిలో టిక్ కూడా పెట్టాం. వారానికోసారి మాలో ఒకరు రెండో డిస్కు తెరిచి ఫైళ్లు నిజంగా ఉన్నాయో లేదో చూసి నోటుబుక్కులో సంతకం చేస్తారు. రైలు ప్రయాణం గురించి రాసిన మా స్నేహితురాలు ఇప్పుడు ఏ ఊళ్లో, ఏ విద్యాలయంలో ఉందో మాకు తెలియదు. ఈ పత్రిక ఎవరి ద్వారానైనా తన చేతికి వస్తే, అది మళ్లీ రాసి పంపమని అడుగుతున్నాం. బొర్రా గుహల దగ్గర సొరంగంలో దీపాలు ఆరిపోయినప్పుడు తన తమ్ముడు ఏమి చేశాడో మాకు సగమే గుర్తుంది. వచ్చే సంచికలో మొదటి తెలుగు పేజీ తనకోసం ఖాళీగా ఉంచుతున్నాం.